ఊరికే కూర్చున్నా... ఖర్చే!

'ఇద్దరం ఒకేలా తింటున్నాం. పొద్దున్నే కలిసే వాకింగ్‌కి వెళ్తున్నాం. ఆయన నాలుగు కిలోలు తగ్గారు. నేను కిలో కూడా తగ్గలేదు. ఇదెక్కడి న్యాయం?'... చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. ఇందులో ఆవిడ తప్పూ లేదు, ఆయన గొప్పా లేదు. అసలు సంగతంతా ఒంటి లోపలి లెక్కల్లో ఉంది.

ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు... ఏవీ సెలవు తీసుకోవు. వాటికయ్యే ఖర్చే 'రెస్టింగ్ మెటబాలిక్ రేటు'. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా ఫ్రిజ్ కోసం కరెంటు మీటరు తిరుగుతుందే... అలాగన్నమాట. ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లు రోజంతా ఖర్చుచేసే క్యాలరీల్లో సగానికి పైగా దీనికే పోతాయి. ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడు ఈ ఖర్చులో దాదాపు ఐదో వంతు తీసేసుకుంటుంది!

లెక్క ఎలా?

కచ్చితంగా తెలియాలంటే పరీక్ష చేయించుకోవాలి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లి, కాసేపు కదలకుండా పడుకుంటే... ఎంత ఆక్సిజన్ వాడుకున్నాం, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలాం అన్నది యంత్రంతో కొలుస్తారు. లీటరు ఆక్సిజన్ వాడితే దాదాపు ఐదు క్యాలరీలు ఖర్చయినట్టు.

అందరికీ ఆ పరీక్ష అందుబాటులో ఉండదు కాబట్టే సూత్రాలు పుట్టాయి. అమెరికాలో హ్యారిస్, బెనెడిక్ట్ 1919లో ఒకటి ఇచ్చారు. 1990లో మిఫ్లిన్, సెయింట్ జియోర్ బృందం 498 మందిని పరీక్షించి తయారుచేసిన సూత్రం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చవేసి రెండూ కూడండి. వయసును 5తో హెచ్చవేసి అందులోంచి తీసేయండి. మగవాళ్లయితే 5 కలపాలి. ఆడవాళ్లయితే 161 తీసేయాలి.

ఆయనకి 45 ఏళ్లు, 75 కిలోలు, 170 సెంటీమీటర్లు అనుకుందాం. లెక్క 1593 క్యాలరీలు. ఆవిడకి 40 ఏళ్లు, 65 కిలోలు, 155 సెంటీమీటర్లు. లెక్క 1258. తేడా 335... అంటే సుమారు నాలుగు పుల్కాలు! సాధారణంగా మగవాళ్లలో కండ ఎక్కువ. విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండ రోజుకి 13 క్యాలరీల దాకా వాడితే కిలో కొవ్వు వాడేది నాలుగైదే.

ఇది అంచనా మాత్రమే. అంతర్జాతీయ సంస్థల సూత్రాలు మనవాళ్ల ఖర్చును 5 శాతం దాకా ఎక్కువ చేసి చూపిస్తున్నాయంటూ భారత వైద్య పరిశోధన మండలి 2010 నివేదికలో ఆ మేరకు తగ్గించి లెక్కగట్టారు.

పస్తులొద్దు!

'త్వరగా తగ్గాలి' అని కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. ఒళ్లు కూడా పొదుపు మొదలెడుతుంది. మళ్లీ మామూలుగా తినగానే బరువు తిరిగొచ్చేస్తుంది. పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి తింటూ వారానికి రెండుసార్లయినా కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయడం మేలు.

'వయసైంది, ఇక ఒళ్లు తగ్గదు' అన్న దిగులూ వద్దు. 2021లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఈ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంటుంది. కారణం లేకుండా బరువు పెరుగుతున్నా, ఎప్పుడూ నీరసంగా ఉన్నా థైరాయిడ్ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

అన్నిటికన్నా ముందు ఆయన కంచంతో పోల్చుకోవడం మానేయండి. మీ ఒంటి లెక్క మీదే!