యెరూషలేము దేవాలయము

యెరూషలేము దేవాలయము ప్రాచీన యూదుల ప్రధాన ఆరాధనా స్థలము. ఇది ఒకే కొండపై రెండు పర్యాయములు నిర్మింపబడి, రెండు పర్యాయములు ధ్వంసమైనది. క్రీ.శ. 70 తరువాత మరల కట్టబడకపోయినను, యూదుల ఆరాధన అంతరించలేదు.

చరిత్ర

బైబిలు ప్రకారము మొదటి దేవాలయమును సొలొమోను రాజు, తూరు రాజైన హీరాము పంపిన లెబానోను దేవదారు కలపతో ఏడు సంవత్సరములలో కట్టించెను. క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోను రాజు నెబుకద్నెజరు దీనిని కాల్పించి, యూదులలో అనేకులను చెరగొనిపోయెను. పారసీక రాజు కోరెషు అనుమతితో తిరిగివచ్చినవారు క్రీ.పూ. 516 ప్రాంతమున రెండవ దేవాలయమును పూర్తిచేసిరి. హేరోదు రాజు దీనిని బహుగా విస్తరింపజేసెను. క్రీ.శ. 70లో రోమను సేనాని తీతు సైన్యము దీనిని నాశనము చేసినది. నేడు యూదులు ప్రార్థించు పడమటి గోడ ఆలయపు గోడ కాదు. అది ఆలయ ప్రాంగణమునకు ఆధారముగా కట్టిన ప్రహరీలోని భాగము.

నిర్మాణము

మొదటి ఆలయము పొడవు 60 మూరలు, వెడల్పు 20 మూరలు, ఎత్తు 30 మూరలు అని బైబిలులో కలదు. ఇందు మంటపము, పరిశుద్ధ స్థలము, అతిపరిశుద్ధ స్థలము అను మూడు భాగములు వరుసగా నుండెను. సూర్యాపేట సమీపమున పిల్లలమర్రిలోని, క్రీ.శ. 1208 నాటి ఎరకేశ్వరాలయములో మంటపము, అంతరాళము, గర్భగృహము ఉన్న క్రమమును చూచినవారికి ఈ అమరిక సులభముగా బోధపడును. అయితే యెరూషలేము ఆలయమున విగ్రహము లేదు. అతిపరిశుద్ధ స్థలమున పది ఆజ్ఞల పలకలు గల మందసము ఉంచబడెను. రెండవ ఆలయమున అదియు లేక ఆ గది శూన్యముగా నుండెను. ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క దినము, ప్రాయశ్చిత్త దినమున మాత్రమే, అందు ప్రవేశించెడివాడు.

ఆధ్యాత్మిక అర్థము

దేవుడు ఒక గదిలో ఇమిడియుండునని యూదులు భావింపలేదు. ఆకాశములు సైతము ఆయనకు చాలవని ఆలయ ప్రతిష్ఠ నాటి ప్రార్థనలో సొలొమోను అంగీకరించినట్లు బైబిలు చెప్పుచున్నది. ఆలయము దేవునికి, ప్రజలకు నడుమ గల నిబంధనకు గుర్తు. ఆలయము నశించిన పిదప బలులు నిలిచిపోయినవి. ఉదయ, సాయంకాల బలుల వేళలు ప్రార్థనా వేళలుగా మారినవి. ధర్మశాస్త్ర పఠనము, సమాజమందిరము ప్రాముఖ్యము వహించినవి. సమాజమందిరమున యెరూషలేము దిక్కుగా నిలిచి ప్రార్థించుట ఆచారము.

తెలుగు యూదులు

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను చిన్న తెలుగు యూదు సమాజము కలదు. వీరిలో అధికులు పూర్వము క్రైస్తవులుగా నుండిన మాదిగ కుటుంబములవారు. 1991లో వీరు సమాజమందిరమును స్థాపించుకొనిరి. తాము ఎఫ్రాయిము గోత్రపువారమని వీరి విశ్వాసము. చరిత్రకారులు దీనిని నిర్ధారింపలేదు. బైబిలు కథనములో సొలొమోను అనంతరము రాజ్యము చీలగా, ఎఫ్రాయిమీయుడైన యరొబాము తన ప్రజలు యెరూషలేము ఆలయమునకు పోకుండుటకై బేతేలు, దాను పట్టణములలో వేరు పూజాస్థానములు నెలకొల్పెను. ఆ ఉత్తర రాజ్యము క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరీయులచే కూలినది. అట్లు ఆలయమునకు దూరమైన గోత్రమును తమదిగా చెప్పుకొనువారు, ఆలయము లేని కాలమున రూపొందిన ప్రార్థనా విధానమునే గుంటూరు పల్లెలో అనుసరించుచున్నారు.