గుండెలోని యంత్రము - న్యాయస్థానపు ద్వారము

గోడగడియారము ఆగిపోయినచో అమ్మిన దుకాణమునకు పోయి అడుగుదుము. గుండెను నడిపించుటకు రొమ్ములో అమర్చిన యంత్రమే చెడినచో ఎవరిని అడుగవలెను? ఈ ప్రశ్నకు అమెరికా న్యాయస్థానములు చెప్పిన సమాధానము వినదగినది.

పేస్‌మేకరు మందగించిన గుండెను స్వల్ప విద్యుత్తుతో కొట్టుకొనునట్లు చేయును. డీఫిబ్రిలేటరు, లయ తప్పిన గుండెను విద్యుద్ఘాతముతో దారికి తెచ్చును. యంత్రమును గుండెతో కలుపునది సన్నని తీగ. అది చిట్లినచో యంత్రము ఆపత్సమయమున పనిచేయకపోవచ్చును. లేదా అకారణముగా ఘాతములు కలిగింపవచ్చును.

అమెరికాలో ఇట్టి పరికరములు విపణికి వచ్చుటకు 1976 నాటి చట్టము ప్రకారము ముఖ్యముగా రెండు ద్వారములు కలవు. మొదటిది, ప్రభుత్వ సంస్థ సమగ్రముగా పరిశీలించి యిచ్చు అనుమతి. రెండవది, ఇదివరకే అమ్మకములో నున్న పరికరమునకు ఇది సమానమని చూపి పొందునది. తన యంత్రము ఏ ద్వారమున వచ్చినదో రోగి యెరుగడు. కాని అతని దావా భవితవ్యము చాలవరకు దానిపైననే ఆధారపడియున్నది.

ఒక మహిళకు 1987లో అమర్చిన పేస్‌మేకరు 1990లో విఫలమై, అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యెను. అది రెండవ ద్వారమున వచ్చినది; ఆమె దావా సాగవచ్చునని సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పెను. 2008లో, రక్తనాళములో పగిలిన బెలూను కాథెటరు విషయమున, మొదటి ద్వారమున వచ్చిన పరికరములపై రాష్ట్ర చట్టముల క్రింద ఇట్టి దావాలు చెల్లవని ఎనమండుగురు న్యాయమూర్తులు నిర్ణయించిరి. జస్టిస్ గిన్స్‌బర్గు ఒక్కరే విభేదించిరి. ఉత్పత్తిదారు కేంద్రప్రభుత్వ నిబంధనలనే ఉల్లంఘించెనని చూపగలిగినచో మాత్రము ఇరుకైన దారి మిగిలియున్నది.

ఫలితము త్వరలోనే కనబడెను. మెడ్‌ట్రానిక్ సంస్థ 'స్ప్రింట్ ఫిడెలిస్' తీగలు చిట్లుచుండుటచే వాని అమ్మకమును 2007 అక్టోబరులో నిలిపివేసెను. అప్పటికే ప్రపంచమున సుమారు 2,68,000 తీగలు అమర్చబడియుండెను. 2009లో ఒక న్యాయస్థానము పై తీర్పు ననుసరించియే రోగుల దావాలను కొట్టివేసెను. తుదకు 2010లో సంస్థ సుమారు 26.8 కోట్ల డాలర్లకు రాజీపడెను. రక్షణకై యేర్పడిన కఠిన పరీక్షయే రోగికి అడ్డుగోడ యయ్యెను.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, లోపముగల వస్తువువలన హాని పొందినవారికి ఉత్పత్తిదారునుండి పరిహారము కోరు హక్కు నిచ్చినది. రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవలెను. కావున మీ యింట నెవరికైన ఇట్టి యంత్రమున్నచో, దాని రకము, సంఖ్య తెలుపు కార్డును భద్రపరచుడు. తొలగించినచో, ఆ యంత్రమును పారవేయవలదని ఆసుపత్రివారిని ముందే కోరుడు, అదియే ముఖ్యసాక్ష్యము. తొలగింపవలెనా వలదా యనునది మాత్రము వైద్యుడే నిర్ణయింపవలెను. ఆ శస్త్రచికిత్సయు ప్రమాదరహితము కాదు.