ఫ్లాష్ చిప్పును డిస్కులా చూడొద్దు

ఇంట్లో ఉండే వైఫై రౌటర్‌లో హార్డ్ డిస్కు ఉండదు. సాఫ్ట్‌వేర్ మొత్తం బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్పులోనే ఉంటుంది. ఆ చిప్పును ఎలా వాడుకోవాలో లైనక్స్ కెర్నెల్‌కు కంపైల్ చేసే ముందే చెప్పాలి. కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరిచి డివైస్ డ్రైవర్లలోకి వెళ్తే, మెమరీ టెక్నాలజీ డివైస్ అనే విభాగం కనిపిస్తుంది. దాన్నే ఎంటీడీ అంటారు. అందులో కనబడినవన్నీ ఎంచుకున్నా పరికరం బూట్ కావచ్చు. కానీ ఇక్కడ చేసిన కొన్ని తప్పులు పరికరం కొన్నాళ్లు పనిచేశాక గానీ బయటపడవు. అందుకే ఒక్కో ఆప్షన్ ఎందుకుందో తెలుసుకోవాలి.

ముందుగా ఎంటీడీ అక్కర్లేనివి చూద్దాం. పెన్‌డ్రైవ్, ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీలలో ఉన్నదీ ఫ్లాషే. అయితే వాటి లోపలి కంట్రోలర్ చిప్పు బాగోగులు తానే చూసుకుని, కెర్నెల్‌కు మామూలు డిస్కులా కనిపిస్తుంది. వాటికి యూఎస్‌బీ స్టోరేజ్, ఎంఎంసీ డ్రైవర్లు చాలు. మధ్యలో అలాంటి కంట్రోలర్ లేని చిప్పుల కోసమే ఎంటీడీ.

అలాంటి చిప్పులో రాయడం అంటే 1ని 0 చేయడం. 0ని తిరిగి 1 చేయాలంటే ఇరేజ్ బ్లాకు మొత్తాన్నీ చెరపాలి. పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడవాల్సి రావడం లాంటిదిది. నాండ్ అనే రకం చిప్పుల్లో ఈ బ్లాకు తరచుగా 128 కిలోబైట్లు ఉంటుంది. ఎన్నిసార్లు చెరపవచ్చో కూడా హద్దుంది. ఎస్‌ఎల్‌సీ రకానికి అది సుమారు లక్ష సార్లు. ఎంఎల్‌సీ రకానికి సాధారణంగా పదివేల లోపే. పైగా నాండ్ చిప్పులో కొన్ని చెడ్డ బ్లాకులు ఫ్యాక్టరీ నుంచే రావచ్చు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది చిప్పు రకం. పాత పారలల్ నార్ చిప్పులకు సీఎఫ్‌ఐ ఆప్షన్, నాలుగైదు తీగలతో పనిచేసే చిన్న నార్ చిప్పులకు ఎస్‌పీఐ నార్ ఆప్షన్ ఉన్నాయి. నాండ్ అయితే రా నాండ్‌తో పాటు మీ ప్రాసెసర్‌లోని నాండ్ కంట్రోలర్ డ్రైవర్‌నూ ఎంచుకోవాలి. ఎస్‌పీఐ నార్ కింద 4 కిలోబైట్ల సెక్టార్లు వాడమనే ఆప్షన్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. చిన్న చిన్న మార్పులకు అది మేలే. యూబీఐఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు మాత్రం ఇరేజ్ బ్లాకు కనీసం 15 కిలోబైట్లు ఉండాలి. ఆ ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లు ఈ 4 కిలోబైట్ల ఆప్షన్‌ను ఆపేయాల్సిందే.

తర్వాతది ఎంటీడీ బ్లాక్. ఇది ఫ్లాష్‌ను డిస్కులా చూపిస్తుంది. కొద్దిపాటి డేటా రాయడానికి కూడా బ్లాకు మొత్తాన్నీ మెమరీలోకి చదివి, చెరిపి, తిరిగి రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే బ్లాకులోని డేటా అంతా పోయినట్టే. బ్లాకుల అరుగుదలను సమం చేయడం దానికి చేతకాదు, చెడ్డ బ్లాకుల సంగతీ పట్టదు. నార్ మీద చదవడానికి మాత్రమే ఉన్న స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌కు అది సరిపోతుంది. నాండ్ మీద ఎక్స్‌టీ4ను నిలబెట్టడానికి దాన్ని వాడకండి.

నాండ్‌కు సరైన దారి యూబీఐ, దాని మీద యూబీఐఎఫ్‌ఎస్. యూబీఐ 2007లో, యూబీఐఎఫ్‌ఎస్ 2008లో కెర్నెల్‌లో చేరాయి. చెడ్డ బ్లాకులను పక్కన పెట్టడం, అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచడం యూబీఐ బాధ్యత. దాని కింద రెండు అంకెలు గమనించాలి. ఒకటి వేర్ లెవెలింగ్ థ్రెషోల్డ్: ఎక్కువసార్లు చెరిపిన బ్లాకుకూ తక్కువసార్లు చెరిపిన బ్లాకుకూ ఎంత తేడా వచ్చేదాకా ఊరుకోవచ్చో ఇది చెబుతుంది. మామూలు విలువ 4096. లక్ష సార్లు చెరపగల చిప్పుకు అది సరే. ఆయుష్షు పదివేలు కూడా లేని చిప్పుకైతే 128కో 256కో తగ్గించమని కెర్నెల్ సహాయ పాఠమే సూచించింది. రెండోది చెడ్డ బ్లాకుల కోసం ఉంచే నిల్వ: ప్రతి 1024 బ్లాకులకు 20. చిప్పు తయారీదారు ఇంతకన్నా ఎక్కువ చెడిపోవచ్చని చెబితే ఆ అంకెను పెంచాలి.

నాండ్‌లో బిట్లు అప్పుడప్పుడు తారుమారవుతాయి. వాటిని సరిదిద్దే ఈసీసీ పద్ధతి బూట్‌లోడర్‌కూ కెర్నెల్‌కూ ఒకటే ఉండాలి. బలంలోగానీ అమరికలోగానీ తేడా వస్తే, ఒకరు రాసిన పేజీలు రెండోవారికి పాడైనట్టు కనిపిస్తాయి. చిప్పులో ఏ లోపమూ లేకపోయినా డేటా చదవలేరు.

చివరిగా ఒక నిర్ణయం. స్టార్ గుర్తు పెడితే డ్రైవర్ కెర్నెల్‌లో భాగమవుతుంది. ఎం పెడితే విడి మాడ్యూల్ అవుతుంది. రూట్ ఫైల్ సిస్టమ్ ఫ్లాష్ మీదే ఉండి, బూట్ సమయంలో మెమరీలోకి వచ్చే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేదా ఇనిట్‌ఆర్‌డీ లేకపోతే దానికి కావాల్సిన డ్రైవర్లన్నిటికీ స్టార్ గుర్తే ఉండాలి. మాడ్యూల్ ఆ ఫ్లాష్‌లోనే ఉంటే, ఫ్లాష్‌ను తెరిచేదాకా కెర్నెల్ దాన్ని అందుకోలేదు.

డిఫాల్టు విలువలు ఎక్కువమందికి సరిపోయేలా పెట్టినవి. మీ చిప్పును చూసి పెట్టినవి కావు. మెనూ తెరిచే ముందు చిప్పు డేటాషీటు తెరవండి. ఇరేజ్ బ్లాకు ఎంత, ఎన్నిసార్లు చెరపవచ్చు, ఎన్ని బ్లాకులు చెడిపోవచ్చు, ఈసీసీ ఎంత కావాలి అనే నాలుగు సంగతులు రాసుకోండి. ఆ తర్వాతే ఒక్కో ఆప్షన్ దగ్గర సహాయ పాఠం చదివి నిర్ణయించండి.