తొట్టిలో నిలువని నీరు

ఇల్లంతయు నిద్రించు వేళ మరుగుదొడ్డివైపునుండి సన్నని సవ్వడి వినవచ్చుట పట్టణములందు పెక్కిండ్లలో కలదు. గొలుసు లాగినవారు లేరు, పిడి త్రిప్పినవారు లేరు. అయినను తొట్టిలోనికి నీరు వచ్చుచునే యుండును. మొదటిరాత్రి దానిని విన్నవారు రేపు చూతమనుకొందురు. వారము గడచునప్పటికి చెవి అలవాటుపడును. మిద్దెపై సాయంకాలము నింపిన నీరు తెల్లవారునప్పటికి ఏమైనదో తెలియక, ఇంటివారు అద్దెవారిని, అద్దెవారు ఇంటివారిని నిందించుకొందురు.

ఈ నష్టమును లెక్కించుట కష్టము కాదు. పది నిమిషములకు ఒక్క లీటరు మాత్రమే పోవుచున్నదనుకొనుడు. గంటకు 6 లీటర్లు, దినమునకు 144 లీటర్లు, నెలకు 4,320 లీటర్లు. ఆ నీరు తేలికగా వచ్చినదియు కాదు. హైదరాబాదునకు చేరు కృష్ణాజలమునే తీసికొనుడు. నాగార్జునసాగరము నిండియున్నప్పుడు దాని మట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల, అనగా సుమారు 180 మీటర్ల ఎత్తున నుండును. నగరమో 500 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. నీరు పల్లమెరుగునందురు, ఇచ్చట దానిని విద్యుచ్ఛక్తితో మిట్టకెక్కించి, నూరు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో నడిపింపవలసి వచ్చినది. అట్లు వచ్చి, శుద్ధిచేయబడిన నీరు ఒక్క రబ్బరు బిళ్ళ అరుగుటచేత మురుగుకాలువ పాలగుచున్నది.

తొట్టికి రెండు ద్వారములు గలవు. మొదటిది నీరు వచ్చు ద్వారము. దీనిని కాపాడునది నీటిపై తేలు బోలుబంతి. బంతి ఒక పొడవైన కడ్డీ చివర నుండును. నీరు పెరిగినకొలది బంతి పైకి లేచును. కడ్డీ రెండవ కొన కవాటమును నొక్కి నీటిని నిలుపును. తేలు బంతి యొక్క స్వల్పబలము కుళాయి వేగమునెట్లు ఆపగలుగుచున్నది? ఇది పాఠశాలలో చదువుకొను మీట సూత్రమే: పొడవైన చేతి కొనయందలి చిన్నబలము పొట్టిచేతి కొనయందు పెద్దబలమగును. నేటి తొట్లలో కొన్నిటియందు బంతికి బదులు నిలువుకడ్డీపై జారు ప్లాస్టిక్ డొప్ప యుండును, పని మాత్రమొక్కటే.

రెండవది నీరు పోవు ద్వారము. తొట్టి అడుగున రంధ్రముపై ఒక రబ్బరు బిళ్ళ కూర్చుండును. పైనున్న నీటి బరువే దానిని అదిమిపట్టును. ఇవిగాక, నడుమ నిలువుగా ఒక పొర్లుగొట్టము గలదు. నీరు హద్దు మీరినచో నేలపై పడక ఈ గొట్టముద్వారా క్రిందనున్న పింగాణి గిన్నెలోనికి పోవును. ఇల్లు తడవకుండ కాపాడునది ఇదియే. దోషమును ఇంటివారి కంటబడనీయక దాచునదియు ఇదియే.

అడుగున రంధ్రము పెట్టి దానిని బిళ్ళతో మూయుట ఈ అమరికలోని బలహీనత. ఇంగ్లండులో జాన్ హారింగ్టన్ 1596 లోనే నీటితో కడుగబడు మరుగుదొడ్డిని వర్ణించెను. 1775 లో అలెగ్జాండర్ కమ్మింగ్ దుర్వాసనను అడ్డగించు వంపుగొట్టమునకు పేటెంటు పొందెను. ఇట్టివి ఇంటింటికి వ్యాపించినకొలది, కారిపోవు నీరు నగరములకు సమస్యయైనది. అందులకు కనుగొనబడిన ఉపాయము సైఫను. ఈ తొట్టిలో నీటిమట్టమునకు దిగువ తెరువవలసిన ద్వారమే లేదు. నీరు తలక్రిందులైన వంకీవంటి గొట్టమునెక్కి దిగవలెను. గొలుసు లాగినప్పుడు కొంతనీరు వంపు దాటును. దానివెంట మిగిలినదంతయు దిగిపోవును. లాగువారు లేనప్పుడు నీరు తానై వంపునెక్కజాలదు. అరిగి కారుటకు అడుగున బిళ్ళయే లేదు! మన దేశమున పాతభవనములలో గోడపై ఎత్తున బిగించిన గొలుసు గల ఇనుపతొట్లును ఈ జాతివే. బ్రిటనులో 2000 సంవత్సరాంతము వరకు సైఫను తొట్టియే నియమముగా నుండెను. 2001 జనవరినుండి బిళ్ళతొట్లకు అనుమతి లభించినది. కారకుండుటయందు పాతదియే మేలనవలెను. అయితే ఇనుపతొట్టి ఒక్కమారు 10 లేక 12.5 లీటర్లు కుమ్మరించెడిది. నేటి రెండు బొత్తాముల తొట్టి సాధారణముగా 3 లేక 6 లీటర్లతో పని ముగించును.

కావున ఇంటియందున్నది బిళ్ళతొట్టియైనచో, దేనిని విప్పుటకు ముందైనను తప్పు ఏ ద్వారమునందున్నదో తెలిసికొనవలెను. మూత తీసి చూడుడు. తొట్టిలోనిది కుళాయినీరే; తాకుటకు జంకనక్కరలేదు. నీరు పొర్లుగొట్టపు అంచునందుకొని లోనికి జారుచున్నచో మొదటి ద్వారము మూసికొనుట లేదు. మట్టము అంచునకు దిగువనున్నను నడుమనడుమ నీరు వచ్చి ఆగుచున్నచో, అడుగుబిళ్ళ కారుచున్నదన్నమాట. సవ్వడిలేని కారుడు మరింత మోసకారి. దానిని పట్టుటకు బట్టలకు వేయు నీలిమందు చాలును. తొట్టిలో కొంచెము కలిపి, అరగంటవరకు ఎవరును నీరు వదలకుండ చూడవలెను. గిన్నెలో నీలిరంగు కనబడినచో బిళ్ళ దొరికిపోయినట్లే.

మొదటి ద్వారము తప్పైనచో బంతిని చేతితో మెల్లగా పైకెత్తవలెను. నీరు ఆగినచో కవాటము మంచిదే. బంతి తగినంత లేచుట లేదు. కడ్డీని కొంచెము క్రిందికి వంచినను, మర గలచోట మరను త్రిప్పినను సరిపడును. బంతిని ఊపినప్పుడు లోపల నీరు చప్పుడైనచో అది చిల్లిపడినది, మార్చవలసినదే. ఎత్తినను నీరు ఆగనిచో గోడనున్న చిన్నకుళాయి కట్టి, కవాటమును విప్పి, వాషరును చూడవలెను. గొట్టపుబావి నీరు వాడు ఇండ్లలో తరచుగా తెల్లని సున్నపుపొర పేరుకొనియుండును. కొందరు కడ్డీకి తాడు బిగించి పైకి కట్టుదురు. అది మరమ్మతు కాదు; తాడు సడలిన రాత్రి సవ్వడి మరల మొదలగును.

అడుగుబిళ్ళ తప్పైనచో తొట్టిని ఖాళీచేసి, బిళ్ళను, అది కూర్చుండు అంచును గుడ్డతో తుడువవలెను. చిన్న ఇసుకరేణువు చాలును, బిళ్ళ అంటకుండుటకు. బిళ్ళనెత్తు గొలుసు బిగుతుగా నున్నను ఇట్లే జరుగును. రబ్బరు గట్టిపడి వంకరపోయినచో పాతదానిని అంగడికి తీసికొనిపోయి అదే కొలత గల క్రొత్తది తేవలెను.

పని ముగిసిన పిదప చిన్నకుళాయి విప్పి, తొట్టి నిండినంతనే నీటిమట్టమువద్ద లోపలిగోడపై పెన్సిలుతో గీత గీసి, మరల నీలిమందు కలిపి అరగంట ఆగవలెను. నీరు గీతయొద్దనే నిలిచి, గిన్నెలో రంగు కనబడనిచో మూత పెట్టవచ్చును.