అటకెక్కిన విమానాలు

పెట్టె కొంటాం. తెరుస్తాం. రెక్కలు అతికిస్తాం. ఆ తర్వాత... అటక మీదికి! బొమ్మ విమానాలు కట్టే సరదా ఉన్న దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. ఈ సెలవుల్లో వాటిని కిందికి దించితే?

'పెండింగ్ ప్రాజెక్టులు' అనగానే కర్నూలు, కడప జిల్లాల వాళ్లకి హంద్రీ-నీవా, గాలేరు-నగరి గుర్తొస్తాయి. తరాల తరబడి విన్న పేర్లు మరి! కానీ మన ఇళ్లలోనే ఇంకో రకం పెండింగ్ ప్రాజెక్టులు ఉంటాయి. వాటికి శిలాఫలకాలు ఉండవు. అటక మీద, పాత ట్రంకు పెట్టెకీ పండక్కి తీసే ఇత్తడి గంగాళానికీ మధ్య, దుమ్ము పట్టిన అట్టపెట్టెల్లో ఉంటాయి. మూత తీస్తే ఒక రెక్క అతికి ఉంటుంది. రెండోది ఫ్రేముకే వేలాడుతుంటుంది. చక్రం ఒకటి కనపడదు. జిగురు సీసా గట్టిపడి ఉంటుంది.

స్కేల్ మోడల్ విమానాల సరదాకి ప్రపంచమంతటా ఉన్న జబ్బు ఇదే. కొన్నవి ఎక్కువ, కట్టినవి తక్కువ. ఇంగ్లిషు వాళ్లు ఇలా ఆగిపోయిన వాటిని పెట్టే చోటుని 'షెల్ఫ్ ఆఫ్ డూమ్' అంటారు. మనకి అంత పెద్ద మాట అక్కర్లేదు. 'అటకెక్కింది' అంటే చాలు, అంతా అర్థమైపోతుంది.

ఆరడుగుల మనిషి... అంగుళం!

స్కేల్ మోడల్ అంటే ఊరికే విమానంలా కనిపించే బొమ్మ కాదు. అసలు విమానం కొలతలన్నింటినీ ఒకే లెక్కన తగ్గించి చేసేది. ఎక్కువ మంది ఎంచుకునేది 1/72 స్కేలు. అంటే అసలు విమానంలో ఆరడుగులు ఇక్కడ ఒక్క అంగుళం. ఆరడుగుల పైలట్ అంగుళం మనిషైపోతాడు. మన తేజస్ రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. ఈ స్కేల్లో 11 సెంటీమీటర్ల పైచిలుకు. అరచేతిలో ఇమిడిపోతుంది!

ఈ సరదాకి చాలా చరిత్రే ఉంది. 1930ల్లో బ్రిటన్‌లో 'స్కైబర్డ్స్' కంపెనీ ఇదే స్కేల్లో చెక్క విమానాల కిట్లు అమ్మింది. 1936లో 'ఫ్రాగ్ పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ సరదాయే అవసరంగా మారింది. ఆకాశంలో కనిపించేది మన విమానమా, శత్రువుదా అని సైనికులు ఒక్కచూపులో పోల్చుకోవాలి కదా! అందుకే 1942లో అమెరికా నౌకాదళం 5 లక్షల నమూనా విమానాలు చేసిపెట్టమని పాఠశాలల్ని కోరింది. హైస్కూలు పిల్లలు చెక్కతో చెక్కి ఇచ్చారు. అవీ 1/72 స్కేలువే.

1953లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ స్పిట్‌ఫైర్ కిట్టుతో ఈ సరదాని మామూలు ఇళ్లకి తెచ్చింది. జపాన్‌లో చెక్కకోత మిల్లుగా మొదలైన టమియా 1960లో ప్లాస్టిక్ మోడళ్లలోకి దిగి, భాగాలు ఎంత చక్కగా అతకాలో అందరికీ చూపించింది. మన దగ్గర ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కేడెట్లకి ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. బాల్సా చెక్క పేరు చాలామంది మొదటిసారి విన్నది అక్కడే.

ఎక్కడ ఆగుతుంది?

'ఆంధ్రులు ఆరంభశూరులు' అని మనల్ని మనమే దెప్పుకుంటాం. ఈ విషయంలో మాత్రం ప్రపంచమంతా ఆంధ్రులే! అయితే ఇది ఒట్టి బద్ధకం కాదు. పని ఎక్కడ ఆగిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు హుషారుగా సాగుతుంది. కాక్‌పిట్, పొట్ట, రెక్కలు... గబగబా రూపం వచ్చేస్తుంది. తర్వాత మొదలవుతుంది అసలు పరీక్ష. అతుకుల మధ్య సందుల్లో పుట్టీ నింపాలి. ఆరాక శాండ్‌పేపరుతో రుద్దాలి. మళ్లీ నింపాలి, మళ్లీ రుద్దాలి. రెండు గంటలు కష్టపడ్డా చూడటానికి మార్పేమీ ఉండదు. చాలా విమానాలు కూలేది ఇక్కడే.

రెండో గండం రంగు. అప్పటిదాకా చేసినదంతా ఒక్క తప్పుతో పాడవుతుందేమోనన్న భయం. 'ఆదివారం తీరిగ్గా వేద్దాం' అనుకుంటాం. ఆ ఆదివారం రాదు. ఈలోగా కొత్త పెట్టె కనిపిస్తుంది. కొత్త పెట్టెలో తప్పులుండవు కదా, అందుకే అంత అందంగా ఉంటుంది!

సీమ ఎండ... శత్రువూ, మిత్రుడూ

రాయలసీమ వాతావరణం ఈ పనికి ఒక చిక్కు తెస్తుంది. నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు మన పొడిగాలికి కుంచె మీదే ఆరిపోతాయి. ఎయిర్ బ్రష్ వాడితే మూతి దగ్గర గడ్డకడతాయి. రంగు నున్నగా పరుచుకోకుండా ఇసుక చల్లినట్టు గరుగ్గా తేలుతుంది. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ద్రవం ఒకట్రెండు చుక్కలు కలిపితే సరిపోతుంది. ఎండ ఎక్కకముందే, ఉదయం పూట వేసుకుంటే ఇంకా మంచిది. ఎనామిల్ రంగులది మరో తంటా. నెమ్మదిగా ఆరతాయి కాబట్టి ఆషాఢం గాలికి లేచే దుమ్మంతా వాటికే అంటుకుంటుంది. రంగు వెయ్యగానే పైన ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. ఫ్యాను ఆపడం మరిచిపోవద్దు.

రేకుల కప్పు కింద ఏళ్లపాటు ఉన్న కిట్లలో రెక్కలు వంకర తిరిగి ఉండొచ్చు. వాటిని బాగా వేడిగా ఉన్న నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, చదునైన బండ మీద అదిమి, వెంటనే చన్నీళ్లలో ముంచితే చాలావరకు సర్దుకుంటాయి. ఇది పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని. ఇక చదునైన బండకి మనకేం కొదవ? కడప బండ, బేతంచెర్ల నాపరాయి మన గడపలోనే ఉన్నాయి. పాలిష్ పట్టిన ముక్క మీద శాండ్‌పేపరు పరిచి, విమానం పొట్ట సగభాగాల అంచుల్ని మెల్లగా రుద్దితే అతుకు చక్కగా కలుస్తుంది.

ఎండ చేసే మేలు కూడా ఉంది. నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, అంటే డెకాల్స్, పాతబడితే పసుపు రంగుకి తిరుగుతాయి. ఆ కాగితాన్ని పారదర్శకమైన కవరులో పెట్టి, కిటికీ అద్దానికి కొన్ని రోజులు అతికించి ఉంచితే ఎండకి పసుపు చాలావరకు విరిగిపోతుంది. ఎండ మన దగ్గర ఉచితమే కదా!

దించే పద్ధతి

అన్నీ ఒకేసారి పూర్తి చేయాలనుకుంటే ఒక్కటీ కాదు. అనుభవం ఉన్నవాళ్లు పాటించే పద్ధతి సులువుగానే ఉంటుంది.

ముందు పెట్టెలన్నీ దించి పద్దు రాయండి. ఏ విమానం, ఎక్కడ ఆగింది, ఏ ముక్క లేదు... ఒక్కో దానికి ఒక్క వరుస చాలు. చాలాసార్లు భయపడినంత పని మిగిలి ఉండదు.

తర్వాత, ముగింపుకి అతి దగ్గరగా ఉన్నదాన్ని ముందు పట్టుకోండి. అన్నింటికన్నా ఇష్టమైనదాన్ని కాదు. చక్రాలు, డెకాల్స్ మాత్రమే మిగిలిన విమానం రెండు సాయంత్రాల్లో అద్దాల బీరువాలోకి చేరుతుంది. దాన్ని చూస్తే రెండోదానికి ఊపు వస్తుంది.

ఒకే దశలో ఆగినవాటిని జంటగా చెయ్యండి. రెండింటికీ బూడిదరంగే కావాలంటే ఒకే ఉదయం వేసేయొచ్చు. రంగు కలపడం, కుంచెలు కడగడం ఒక్కసారితో పోతుంది.

రోజుకి అరగంట చాలు. ఈరోజు పుట్టీ, రేపు రుద్దడం. ఎలాగూ ఆరడానికి సమయం కావాలి కాబట్టి ఈ పనికి అరగంట లెక్క బాగా నప్పుతుంది.

ఒకటి పూర్తయ్యాకే కొత్త పెట్టె. ఈ షరతు అమలయ్యేలా చూసే బాధ్యత ఇంట్లోవాళ్లకి అప్పగిస్తే ఇక తిరుగుండదు!

జాగ్రత్తలూ ఉన్నాయి. జిగురు, థిన్నర్ల ఆవిరి మంచిది కాదు. కిటికీలు తెరిచి ఉంచాలి. థిన్నర్‌కి నిప్పంటుకుంటుంది కాబట్టి వంటింటి దరిదాపుల్లో వద్దు. రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. బ్లేడు పని పిల్లలకి ఒంటరిగా అప్పగించకూడదు.

వదిలేయడమూ ఒక పూర్తే

కొన్ని విమానాలు ఎప్పటికీ పూర్తి కావు. ముక్కలు పోయి ఉంటాయి, లేదా ఆసక్తే పోయి ఉంటుంది. వాటిని దాచుకుని బాధపడటం కన్నా రంగు ప్రయోగాలకి వాడుకోవడం మేలు. కొత్త పద్ధతి ఏదైనా ముందు వాటి మీద చూసుకుంటే మంచి కిట్టు మీద చెయ్యి వణకదు. మూత తియ్యని పెట్టెలుంటే దగ్గరి బడికో, ఎన్.సి.సి. కేడెట్లకో ఇవ్వొచ్చు. మన అటక మీద పదేళ్లున్న పెట్టె ఒక పిల్లాడి బల్ల మీద పది రోజుల్లో విమానమైపోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే... విమానాలూ వెళ్లిపోతాయి. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. బెంగళూరులో తయారై 1961లో తొలిసారి ఎగిరిన మారుత్‌ని ఇప్పుడు హెచ్.ఏ.ఎల్. మ్యూజియం వంటి చోట్లే చూడగలం. ఎగిరే రోజులు అయిపోయిన విమానం ఎలా ఉండేదో పిల్లలకి చేతిలో పెట్టి చూపించగలిగేది ఈ బొమ్మే. దాని రెక్క ఎందుకలా వెనక్కి వాలింది, గాలి ఎక్కణ్నుంచి లోపలికి వెళ్తుంది అని పిల్లలు అడిగితే పాఠం అక్కడే మొదలవుతుంది.

కడపకి 2015లో, కర్నూలు దగ్గర ఓర్వకల్లుకి 2021లో విమానాశ్రయాలు వచ్చాయి. పొలం గట్టు మీద నిలబడి తలెత్తి చూసే పిల్లలు మన జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పెట్టె దించండి. సందులు పూర్తిగా పూడకపోయినా, రంగు కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు. అటక మీద పదిలంగా ఉన్న పది విమానాల కన్నా, వంకరగా అయినా చక్రాల మీద నిలబడ్డ ఒక్క విమానం మేలు!