తెరమీది పులికి కోటి వెంట్రుకలు

నూజెండ్ల: ఎద్దును కడిగే రైతుకు వెంట్రుక ఎటు వాలుతుందో, తడిస్తే ఎలా అతుక్కుంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. కంప్యూటర్‌కు మాత్రం అన్నీ చెప్పాలి.

2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలోని పులి చాలావరకు కంప్యూటర్ బొమ్మే. ఒంటిపై వెంట్రుకలు కోటి పైమాటే. అమెరికాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ చేసిన ఈ పనిలో హైదరాబాద్ శాఖవారూ పాలుపంచుకున్నారు.

బొమ్మకు బొచ్చు మొలిపించే పద్ధతుల్లో ఒకటి విత్తనాలు చల్లడం వంటిది. చర్మంపై కణాలు చల్లుతారు. ఒక్కో కణం సాగిన దారే ఒక్కో వెంట్రుక. కొన్నింటిని దువ్వితే మిగిలినవి వాటి వెంట ఒరుగుతాయి.

ఆ పనితనానికి 2013 ఫిబ్రవరి 24న ఆస్కార్ దక్కింది. అంతకు కొద్ది రోజుల ముందే సంస్థ దివాలా అర్జీ పెట్టుకుంది. వందలమందికి పని పోయింది. పంట పండింది గానీ, పండించినవారి గాదె నిండలేదు.