క్షయరోగి అజ్ఞానం: ఒక అపోహ

మన కథల్లో క్షయరోగి సాధారణంగా రెండు రూపాల్లో కనిపిస్తాడు. ఒకటి, దగ్గి దగ్గి నెత్తురు కక్కుకుని రాలిపోయే సుకుమార పాత్ర. రెండోది, డాక్టరు మాట వినక, మధ్యలో మందు మానేసి చావు కొనితెచ్చుకునే అజ్ఞాని. మొదటి పాత్రకు కాలం చెల్లింది. రెండోది ఇంకా బతికే ఉంది. దానిలో వాస్తవమెంతో పరిశీలించడం అవసరం.

1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధనా కేంద్రం, ఆ నగరంలోని బీదరోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, మరికొందరికి ఇంటి దగ్గరే ఏడాదిపాటు మందులిచ్చింది. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్ళు కూడా శానిటోరియం రోగులతో దాదాపు సమానంగా కోలుకున్నారు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం లేనిదే క్షయ నయం కాదన్న నమ్మకం, అంటే ఉన్నవాడికే బతుకు అన్న నమ్మకం, వీగిపోయింది. కాని నెలల తరబడి మందు మానకుండా మింగే భారం రోగి మీద పడింది.

మరి రోగికి తన జబ్బు పట్టదా? బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో జరిపిన సామాజిక అధ్యయనం 1963లో అచ్చయింది. రోగుల్లో అత్యధికులు తమ లక్షణాలను గుర్తించినవాళ్ళే. దాదాపు సగంమంది అప్పటికే వైద్యం కోసం వెళ్ళినవాళ్ళే. వాళ్ళకు దొరికింది దగ్గుమందు సీసా! రోగి ఆస్పత్రి గడప తొక్కాడు. రోగాన్ని గుర్తించనిది ఆస్పత్రే.

అయినా మందు ఆపినవాణ్ణి వైద్యభాష చాలాకాలం ‘డిఫాల్టర్’ అంది. బాకీ ఎగవేసినవాడికి బ్యాంకు పెట్టే పేరే అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ మాటను తన నిర్వచనాల నుంచి తొలగించింది. మాట పోయినంత సులువుగా దృష్టి పోదు.

మామూలు క్షయకు నేటి చికిత్స సాధారణంగా ఆరు నెలలు. కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. అప్పుడు కూలివాడి ముందు రెండు దారులుంటాయి: మందు కోసం ఆస్పత్రికి వెళ్ళడం, కూలికి వెళ్ళడం. ఒక రోజు కూలి, బస్సు చార్జీ, జబ్బు సంగతి బయటపడితే కూతురి పెళ్ళి ఆగిపోతుందన్న భయం – ఇవన్నీ ఆ మాత్ర వెనక ఉన్నాయి. దీన్ని అజ్ఞానమంటే సరిపోదు.

ఆ పాత్రను సృష్టించే రచయిత, అతను మందు ఎందుకు మానేశాడని అడిగి ఊరుకోకూడదు. మానకుండా ఉండాలంటే అతనికి ఏమేం దక్కాలో కూడా అడగాలి. కథ అక్కడ మొదలవుతుంది.